ఒక్క బైటు ముందే వచ్చింది

1981 సెప్టెంబర్‌లో జాన్ పోస్టెల్ సంపాదకుడిగా ఆర్‌ఎఫ్‌సీ 793 అనే పత్రం వెలువడింది. నెట్‌వర్క్ మీద కంప్యూటర్లు డేటా పంపుకునే పద్ధతైన టీసీపీ అంటే ఏమిటో ప్రపంచం నేర్చుకున్నది అందులోంచే. దాని ముందుమాటలో, చాలామంది దాటేసి వెళ్లిపోయే చోట ఒక మాట ఉంది. పాత వెర్షన్లలో ‘లెటర్’ అనే ఏర్పాటు ఒకటి ఉండేది. పంపేవాడు తన సందేశం ఫలానా చోట ముగిసిందని గుర్తు పెట్టొచ్చు. ఆ ముగింపుకూ అవతలివాడి బఫర్ (వచ్చిన డేటా ఆగే చోటు) సైజుకూ ఉన్న లంకెను ఇప్పుడు తీసేశామని, లెటర్‌ను ఇకమీదట ‘పుష్’ అనే పనిగా మాత్రమే చూడాలని ఆ పత్రం చెప్పింది. పుష్ అంటే ‘ఇంతవరకూ వచ్చింది దాచుకోకుండా పైకి పంపెయ్’ అనడమే. సందేశం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో అది చెప్పదు. ఆ రోజు నుంచి టీసీపీ మనకిచ్చే హామీ ఒక్కటే: బైట్లు పంపిన వరసలో చేరతాయి. ఎన్నెన్ని చొప్పున చేరతాయో అడక్కూడదు.

నేను ఏటీఎంలకీ బ్యాంకు కంప్యూటర్లకీ మధ్య నడిచే ప్రోగ్రాములు రాసి బతికినవాణ్ణి. నాకు నిద్ర లేకుండా చేసిన గొడవల్లో చాలావాటి వేళ్లు ఆ ముందుమాట దాకా పోతాయి. అయినా ఆ నిర్ణయం సరైనదే అంటాను. ఎందుకో చెప్పాలంటే దానికి పన్నెండేళ్లు వెనక్కి వెళ్లాలి.

1969లో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏలో, ఇంటర్నెట్‌కి ముందుతరమైన ఆర్పానెట్ మొదటి ఐఎంపీని పెట్టారు. ఐఎంపీ ఇప్పటి రౌటర్‌కి ముత్తాత. హనీవెల్ 516 అనే మినీ కంప్యూటరే ఐఎంపీగా పనిచేసేది. దాని మెమరీ 16 బిట్ల పదాలు 12 వేలు, అంటే సుమారు 24 కేబీ. నడిచే ప్రోగ్రామూ అందులోనే సర్దుకోవాలి, దారిన పోయే ప్యాకెట్లూ అందులోనే ఆగాలి. ఒక కంప్యూటర్ పంపే సందేశం 8 వేల బిట్ల దాకా ఉండొచ్చు. దాన్ని దాదాపు వెయ్యేసి బిట్ల ప్యాకెట్లుగా ముక్కలు చేసి పంపేవారు. అవతలి ఐఎంపీ ముక్కలన్నీ చేరేదాకా ఆగి, అతికించి, పూర్తి సందేశాన్ని తన కంప్యూటర్‌కి అందించేది. అంటే సందేశం హద్దులు కాపాడే బాధ్యత నెట్‌వర్క్‌దే. ప్రోగ్రామర్‌కి ఇంతకంటే హాయి ఏముంటుంది?

ఆ హాయి వెనక ఒక చిక్కు ఉందని ఐఎంపీలు తయారుచేసిన బీబీఎన్ కంపెనీలో పనిచేసే బాబ్ కాన్ ముందునుంచీ అంటూనే ఉన్నాడు. 1970 మొదట్లో ఆయనా డేవ్ వాల్డెన్ కలిసి యూసీఎల్‌ఏకి వెళ్లి, కావాలని నెట్‌వర్క్ మీద భారం వేసి చూశారు. నెట్‌వర్క్ బిగుసుకుపోయింది. ఎలాగంటే, చాలా సందేశాల తాలూకు ముక్కలు కొన్ని కొన్ని చేరి అవతలి ఐఎంపీలో బఫర్లన్నీ నిండిపోయాయి. ఏ సందేశమూ పూర్తవలేదు గనక దేన్నీ కంప్యూటర్‌కి ఇవ్వడానికి లేదు. ఇవ్వలేదు గనక చోటు ఖాళీ కాలేదు. చోటు లేదు గనక మిగతా ముక్కలు లోపలికి రాలేదు. తర్వాత బీబీఎన్ వాళ్లు ప్రోగ్రాం మార్చారు. పెద్ద సందేశం పంపేముందు అవతల చోటు అడిగి, రిజర్వ్ చేసుకుని, ఆ తర్వాతే పంపాలన్నది కొత్త నియమం. సందేశం హద్దును నెట్‌వర్క్ కాపాడాలంటే, ఆ సందేశమంతా పట్టే చోటు కూడా నెట్‌వర్కే చూపించాలి. ఆ ఖరీదు ఎంతో అప్పుడు కళ్లకు కట్టింది.

ఆ పరీక్షల్లో యూసీఎల్‌ఏ తరఫున ఉన్న విద్యార్థి వింట్ సెర్ఫ్. అదే సెర్ఫ్, అదే కాన్ 1974 మేలో రాసిన వ్యాసం టీసీపీకి పునాది. ఆ ఏడాది డిసెంబర్‌లో సెర్ఫ్, యోగేన్ దలాల్, కార్ల్ సన్‌షైన్ కలిసి మొదటి పూర్తి వివరణను ఆర్‌ఎఫ్‌సీ 675గా తెచ్చారు. దలాల్ మన ఐఐటీ బాంబేలో చదివి స్టాన్‌ఫర్డ్ వెళ్లినవాడు.

వాళ్లు ప్యాకెట్లకు కాక బైట్లకు నంబర్లు వేశారు. దీని లాభం వెంటనే కనపడదు. వెయ్యి బైట్ల ప్యాకెట్ ఒకటి దారిలో పోయిందనుకుందాం. మళ్లీ పంపేటప్పుడు అదే ప్యాకెట్‌ని అలాగే పంపక్కర్లేదు. రెండుగా చీల్చి పంపొచ్చు, పక్కదానితో కలిపి పంపొచ్చు. ప్రతి బైటుకీ సొంత నంబరు ఉంది గనక అవతలివాడు వరస పెట్టుకోగలడు. చోటు సంగతి కూడా అవతలివాడి చేతిలోనే పెట్టారు. ‘ప్రస్తుతానికి నా దగ్గర ఇన్ని బైట్లకు చోటుంది’ అని ప్రతి జవాబులోనూ చెబుతాడు. దాని పేరు విండో. ఇంత స్వేచ్ఛ ఉన్నచోట లెటర్ హద్దులు అడ్డంగానే ఉండేవి. హద్దు దగ్గర బఫర్ సగం మిగిలిపోతే ఆ ఖాళీని లెక్కలో ఎలా సర్దాలనే దగ్గర ఏళ్ల తరబడి తికమక సాగింది. 1981లో పోస్టెల్ దాన్ని తెగ్గొట్టాడు.

ఇటు బెల్ ల్యాబ్స్‌లో ఇంకో దారిలో అదే ఆలోచన పెరిగింది. ప్రోగ్రాముల్ని తోటకి నీళ్లు పట్టే గొట్టాల్లా ఒకదానికొకటి బిగించగలగాలని డగ్ మెకిల్‌రాయ్ 1964లోనే ఒక కాగితం మీద రాసి పెట్టాడు. 1973లో కెన్ థాంప్సన్ ఒక్క రాత్రిలో యూనిక్స్‌కి పైప్ తగిలించాడు. యూనిక్స్ ఆరో ఎడిషన్‌లో ఆ పైప్‌కి పట్టేది 4,096 బైట్లు. నిండితే రాసేవాడు నిద్రపోతాడు, ఖాళీ అయితే చదివేవాడు నిద్రపోతాడు. చదవడానికి ‘రీడ్’ అనే పిలుపు. వంద బైట్లు కావాలని అడిగితే, ఉన్నన్ని ఇచ్చి, ఎన్ని ఇచ్చానో చెబుతుంది. వంద ఇస్తానని మాటివ్వదు.

1983 ఆగస్టులో బర్క్‌లీ నుంచి 4.2 బీఎస్‌డీ అనే యూనిక్స్ వెర్షన్ వచ్చింది. బిల్ జాయ్ బృందం అందులో సాకెట్లు పెట్టింది. నెట్‌వర్క్ కనెక్షన్ కూడా ఫైలులాగే ఒక నంబరు, దాన్ని కూడా అదే రీడ్‌తో చదవొచ్చు. ఇది గొప్ప సౌకర్యం. ఇక్కడే ఒక భ్రమ కూడా పుట్టింది. డిస్క్ ఫైలు మీద వంద అడిగితే, ఫైలు చివర తప్ప, మామూలుగా వందా వస్తాయి. సాకెట్ మీద అడిగితే ఒకటి రావచ్చు, నలభై రావచ్చు. పిలుపు ఒకటే, జవాబు తీరు వేరు. ఫైళ్లతో చేయి తిరిగినవాడు సాకెట్ దగ్గరికి వచ్చి, రీడ్ ఇచ్చిన జవాబు చూడకుండా ముందుకు వెళ్లడం అప్పుడే మొదలైంది.

తర్వాతి ఏడాది జనవరిలో ఫోర్డ్ ఏరోస్పేస్‌లో ఉన్న జాన్ నేగల్ ఆర్‌ఎఫ్‌సీ 896 రాశాడు. దూరపు యంత్రం మీద పనిచేయించే టెల్నెట్‌లో మనం ఒక అక్షరం నొక్కితే ఒక బైటు వెళ్తుంది. దాని నెత్తిన టీసీపీ, ఐపీ హెడర్లు కలిపి 40 బైట్లు. సరుకు ఒకటి, మోత నలభై. మందకొడి లైన్ల మీద ఇది నెట్‌వర్క్‌నే ముంచేస్తోంది. నేగల్ చెప్పిన ఉపాయం రెండు ముక్కల్లో అయిపోతుంది. పంపినదానికి అవతలినుంచి ఇంకా జవాబు రాకపోతే, కొత్తగా వచ్చిన చిన్న ముక్కల్ని పోగుచెయ్యి. జవాబు వచ్చాక, లేదా ప్యాకెట్ నిండాక, అన్నీ కలిపి పంపు. జవాబు రావాల్సిన బకాయి ఏమీ లేకపోతే మాత్రం మొదటి ముక్క ఎంత చిన్నదైనా వెంటనే వెళ్లిపోతుంది. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, దీంతో పని పడుతుంది.

అవతలి వైపు ఇంకో పొదుపు ఉంది. డేటా అందగానే ‘అందింది’ అని ఉత్త జవాబు పంపకుండా కాస్త ఆగి, వెళ్లే డేటా ఏమన్నా ఉంటే దానితో కలిపి పంపుదామని చూస్తారు. బీఎస్‌డీలో ఆ ఆగడం 200 మిల్లీసెకన్ల దాకా. ఇటువాడు అటునుంచి జవాబు వస్తే పంపుదామని, అటువాడు ఇంకేమన్నా వస్తే జవాబిద్దామని కూర్చుంటారు. మన పెళ్లిచూపుల తర్వాత రెండిళ్లవాళ్లూ అవతలివాళ్లే కబురు పెట్టాలని కూర్చున్నట్టే.

1990లలో హైదరాబాద్‌లో మాకు నెట్‌వర్క్ అంటే మోడెమే. బఫర్ అంటే ఏమిటో పుస్తకం కంటే ముందు ఆ మోడెమే నేర్పింది. పీసీలో సీరియల్ పోర్టును నడిపే 8250 చిప్‌లో వచ్చిన బైటు ఆగడానికి ఒకే ఒక్క బైటు చోటు. సెకనుకు 14,400 బిట్ల మోడెమ్ తగిలిస్తే, మిల్లీసెకను గడవకముందే తర్వాతి బైటు వచ్చి పడుతుంది. ఆ లోపల ప్రాసెసర్ వచ్చి పాతదాన్ని తీసుకెళ్లకపోతే కొత్తది దానిమీద పడి, పాతది గల్లంతు. విండోస్ డిస్క్ మీద పనిలో ఉన్నప్పుడల్లా ఫైలు బదిలీలో తప్పులు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో 16550 చిప్ ఉన్న కార్డు కొని తగిలించేవాళ్లం. అందులో 16 బైట్ల చోటు ఉంటుంది. ఆ పదిహేను బైట్ల తేడాకి రాత్రంతా నడవాల్సిన బదిలీ ఒక్కసారి కూడా తెగకుండా తెల్లారేది. ప్రాసెసర్ వేగం పెరగలేదు, లైను మారలేదు. ప్రాసెసర్‌కి ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరికింది, అంతే.

సాఫ్ట్‌వేర్ ఎగుమతి చేసే కంపెనీలకి అప్పట్లో ఎస్‌టీపీఐ (సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్స్ ఆఫ్ ఇండియా) ఉపగ్రహ లింకులే దిక్కు. భూస్థిర ఉపగ్రహం మీదుగా మాట వెళ్లి జవాబు రావడానికి అర సెకను పైనే పడుతుంది. టీసీపీ హెడర్‌లో విండోకి 16 బిట్లే ఇచ్చారు గనక 65,535 బైట్లకు మించి చెప్పడానికి లేదు. చాలా యంత్రాల్లో మామూలుగా ఉండేది 8 కేబీ. లింకు ఎంత పెద్దదైనా కానీ, 8 కేబీ పంపి అర సెకను కూర్చోవలసిందే. లెక్క వేస్తే ఒక కనెక్షన్ మీద సెకనుకు 16 కేబీ దాటదు. 1992 మేలో ఆర్‌ఎఫ్‌సీ 1323 విండోని పెంచే దారి చూపింది. అది యంత్రాల్లోకి చేరడానికి మరికొన్నేళ్లు పట్టింది.

ఇక అసలు గొడవకి వస్తాను. 2000ల మొదట్లో ఒక బ్యాంకు తన పాత సీ ప్రోగ్రాం తీసేసి జావాలో కొత్తది రాయించుకుంది. మా ప్రోగ్రాం దానితో మాట్లాడాలి. ఏటీఎం లావాదేవీలు ఐఎస్ఓ 8583 అనే రూపంలో నడుస్తాయి. టీసీపీలో హద్దులు లేవు గనక ప్రతి సందేశం ముందు దాని పొడవును రెండు బైట్లలో రాసి పంపడం మా వాడుక. చదివేవాడు ముందు రెండు బైట్లు చదవాలి, పొడవు తెలుసుకోవాలి, ఆ తర్వాత అన్ని బైట్లు చదవాలి.

మా సిమ్యులేటర్‌తో వేల లావాదేవీలు సాఫీగా నడిచాయి. బ్యాంకు కొత్త ప్రోగ్రాంతో కలిపేసరికి మొదటి సందేశానికే ఆగిపోయింది. మా టీమ్‌లో ఆ భాగం రాసిన కుర్రాడు ఫోన్ చేశాడు. “లోకల్‌లో బ్రహ్మాండంగా నడుస్తోంది సార్. వాళ్ల వైపే ఏదో ఉంది.” బ్యాంకు వాళ్లని అడిగితే, “మేం 302 బైట్లు పంపాం, లాగ్ చూసుకోండి” అన్నారు. రెండు బైట్ల పొడవు, 300 బైట్ల సందేశం. వాళ్ల లెక్క సరిగ్గానే ఉంది.

లైను మీద పోయే ప్యాకెట్లను చూపించే టీసీపీడంప్ పెట్టి చూశాం. బ్యాంకు నుంచి వచ్చిన మొదటి ప్యాకెట్‌లో డేటా ఒకే ఒక్క బైటు: 01. కాసేపటికి రెండో ప్యాకెట్, అందులో 301 బైట్లు. 300ని రెండు బైట్లలో రాస్తే మొదటిది 1, రెండోది 44. అంటే పొడవు నడిమికి విరిగి, మొదటి సగం ఒంటరిగా ముందొచ్చింది. మా ప్రోగ్రాం రెండు బైట్లు అడిగింది. రీడ్ ఒకటి ఇచ్చి, ‘ఒకటి’ అని జవాబు కూడా చెప్పింది. పొడవు చదివేచోట మావాడు ఆ జవాబు చూడలేదు. రెండో గడిలో ముందే నింపి ఉంచిన సున్నా అలాగే ఉంది. ఒకటి, సున్నా కలిపి చదివితే 256. సరే అని 256 బైట్లు చదివింది. అందులో మొదటిది నిజానికి పొడవు తాలూకు 44. సందేశం ఒక బైటు పక్కకి జరిగి చెత్తయింది. ఇంకా 45 బైట్లు మిగిలాయి. వాటిలో మొదటి రెండూ ‘3’, ‘1’ అనే అక్షరాలు. వాటినే తర్వాతి సందేశం పొడవుగా చదివితే 13,105. ఎప్పటికీ రాని ఆ బైట్ల కోసం మా ప్రోగ్రాం నోరు తెరుచుకుని కూర్చుంది.

ఆ ఒక్క బైటు ముందే ఎందుకొచ్చింది? జావా 1996లో మొదటి వెర్షన్‌తోనే డేటాఅవుట్‌పుట్‌స్ట్రీమ్‌ని ఇచ్చింది. అందులో రెండు బైట్ల సంఖ్యని రాసే రైట్‌షార్ట్, కింది స్ట్రీమ్‌కి ఒక్కో బైటు చొప్పున రెండుసార్లు రాసేది. మధ్యలో బఫర్ పెట్టుకోకపోతే ఆ రెండు రాతలూ నేరుగా సాకెట్‌కే పోతాయి. బకాయి ఏమీ లేదు గనక నేగల్ నియమం ప్రకారం మొదటి బైటు వెంటనే బయల్దేరింది. రెండోదీ సందేశమూ జవాబు కోసం ఆగి, కలిసి వచ్చాయి. 1983 నాటి రీడ్ తన దగ్గరున్న ఒక్కటీ ఇచ్చింది. 1981 నాటి పత్రం ప్రకారం దాన్ని తప్పుపట్టడానికి వీల్లేదు. మా సిమ్యులేటర్ అంతా ఒకే రాతలో పంపేది, పైగా అదే యంత్రంలో నడిచేది. అందుకే లోకల్‌లో ఎన్నడూ విరగలేదు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల నోటుపుస్తకాల్లో కనిపించే ఎకో సర్వర్ ప్రోగ్రాం కూడా ఇలాగే బతికిపోతుంది. పుట్టిన యంత్రం దాటి బయటికి వెళ్లనంతకాలం దానికి ఢోకా లేదు.

దిద్దడానికి నాలుగు లైన్లు చాలు. కావలసినన్ని వచ్చేదాకా చుట్టు తిరిగి చదవాలి, సున్నా వస్తే కనెక్షన్ మూసేశారని గ్రహించాలి. జావాలో రీడ్‌ఫుల్లీ మొదటినుంచీ ఉంది. సీ వాళ్లకి రిచర్డ్ స్టీవెన్స్ 1990లో అచ్చయిన తన యూనిక్స్ నెట్‌వర్క్ ప్రోగ్రామింగ్ పుస్తకంలో రీడ్ఎన్ అని రాసిచ్చాడు. బ్యాంకు వాళ్లు కూడా మధ్యలో ఒక బఫర్డ్ స్ట్రీమ్ పెట్టి, చివర్లో ఫ్లష్ చేశారు. దాంతో ప్యాకెట్లు తగ్గాయి, ఆ 200 మిల్లీసెకన్ల ఆలస్యమూ పోయింది. వాళ్లు మార్చకపోయినా మా ప్రోగ్రాం నడవాలి. నడిచింది కూడా.

ఎన్ని వచ్చాయో చూడకపోతే వేలాడుతూ కూర్చోవడంతో సరిపోతే అదృష్టమే. 1988 నవంబర్ 2న రాబర్ట్ మోరిస్ అనే కార్నెల్ విద్యార్థి వదిలిన వార్మ్, యూనిక్స్ యంత్రాల్లో దూరిన దారుల్లో ఒకటి ఫింగర్ సర్వర్. ఆ సర్వర్ నెట్‌వర్క్ నుంచి వచ్చే లైనును 512 బైట్ల బఫర్‌లోకి గెట్స్ అనే ఫంక్షన్‌తో చదివేది. గెట్స్‌కి బఫర్ ఎక్కడుందో చెప్పొచ్చు, ఎంతుందో చెప్పడానికి వీల్లేదు. మోరిస్ 536 బైట్లు పంపాడు. పొర్లిన బైట్లు పక్క మెమరీలో పడి, అతని కోడ్‌ని నడిపించాయి. గెట్స్‌ని సీ ప్రామాణికం నుంచి పూర్తిగా తీసేసింది 2011లో.

చోటు తక్కువైతే ప్రమాదం గనక ఎక్కువ పెడితే క్షేమం అనుకుంటాం. నేగల్ దీన్ని 1985 డిసెంబర్‌లోనే ఆర్‌ఎఫ్‌సీ 970లో తేల్చేశాడు. అంతులేని మెమరీ ఉన్న స్విచ్ కూడా భారం పెరిగితే ప్యాకెట్లు పోగొడుతుంది, ఎందుకంటే క్యూలో తమ వంతు వచ్చేలోపే వాటి ఆయువు తీరిపోతుంది అని చూపించాడు. పాతికేళ్ల తర్వాత మెమరీ చవకై, ఇంటి రౌటర్లలో, మోడెముల్లో బఫర్లు ఉబ్బిపోయాయి. 2010 ప్రాంతంలో జిమ్ గెటిస్ తన ఇంట్లో పెద్ద ఫైలు పంపుతుంటే మిగతా పనులన్నీ ఎందుకు నత్తనడక నడుస్తున్నాయని తవ్వి, దానికి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టాడు. 2012లో క్యాథ్లీన్ నికల్స్, వాన్ జేకబ్‌సన్ కోడెల్ అనే పద్ధతి తెచ్చారు. క్యూలో ఎన్ని ప్యాకెట్లున్నాయని కాదు, ఒక్కో ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందని చూస్తుంది అది. బఫర్‌ని బైట్లతో కొలిచే అలవాటున్న మాబోటివాళ్లకి అదొక కనువిప్పు. బఫర్‌లో దాచేది డేటానే అయినా, ఖర్చయ్యేది కాలం.

2021 మేలో, టీసీపీకి బదులుగా వాడగల క్విక్ ప్రొటోకాల్ ఆర్‌ఎఫ్‌సీ 9000గా ఖరారైంది. నలభై ఏళ్ల అనుభవం చేతిలో పెట్టుకుని మొదటినుంచీ రాసుకున్నారు. ఒకే కనెక్షన్‌లో ఎన్నో స్ట్రీములు, ఒక్కోదానికి విడిగా చోటు లెక్క, ఒకటి ఆగితే మిగతావి ఆగకుండా ఏర్పాటు, అన్నీ ఉన్నాయి. సందేశం హద్దుల్ని వెనక్కి తెచ్చే అవకాశం కూడా ఉంది. తేలేదు. క్విక్ స్ట్రీమ్ కూడా వరస తప్పని బైట్ల ధారే. పంపినవాడు ఏ ముక్కలుగా పంపాడో చదివేవాడికి అలాగే చేరుతుందని నమ్మొద్దని అందులో స్పష్టంగా రాసి ఉంది. 1970లో యూసీఎల్‌ఏలో బిగుసుకుపోయిన ఐఎంపీ దగ్గర నేర్చిన పాఠం ఇంకా చెల్లుతోంది. సందేశం అర్థం తెలిసింది రెండు చివర్లా ఉన్న ప్రోగ్రాములకే. దాని హద్దు చూసుకునే పని కూడా వాటిదే.

అందుకని మా దగ్గర సాకెట్ చదివే కోడ్ ఏది కొత్తగా వచ్చినా రెండు పరీక్షలు తప్పవు. ముందు ఒక సందేశాన్ని ఒక్కో బైటు చొప్పున, మధ్య మధ్య ఆగుతూ పంపిస్తాం. తర్వాత మూడు సందేశాల్ని అతికించి, మూడోదాన్ని సగంలో తెగ్గోసి పంపిస్తాం. ఈ రెండింటికీ తట్టుకుంటేనే బ్యాంకు లైనుకి తగిలిస్తాం. “అసలు నెట్‌వర్క్‌లో ఇలా వస్తాయా సార్?” అని కొత్తవాళ్లు అడుగుతుంటారు. రావని ఎవరూ మాటివ్వలేదు కదా అంటాను.